ఇద్దరు మెకానిక్‌లు, రెండు టైమింగ్‌లు: పాత అంబాసిడర్‌లో అసలు లోపం ఎక్కడ?

ప్రశ్న: తాతగారి 1974 మార్క్ 2 అంబాసిడర్, పెట్రోల్ ఇంజన్. మేం చిత్తూరులో ఉంటాం. కొత్త పాయింట్ సెట్, కండెన్సర్ వేయించాక ఒక మెకానిక్ చెవితో విని టైమింగ్ పెట్టాడు. ఊళ్లో బాగానే ఉంది కానీ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్. ఇంకొకాయన టైమింగ్ తగ్గించాడు. శబ్దం పోయింది. ఇప్పుడు బండి లాగడం లేదు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, పెట్రోలు తాగేస్తోంది. అన్నా, ఎన్ని డిగ్రీలు పెట్టాలో అంకె చెప్పండి చాలు.

జవాబు:

తమ్ముడూ, టైమింగ్ అంటే పిస్టన్ పైకి రావడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలన్న లెక్క. ఆ అంకె చెప్తాను. కానీ అదొక్కటే చెప్పి వదిలేస్తే మూడో మెకానిక్ దగ్గరికి పోతావు. సగం జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. ఎక్కువ పెడితే కొడుతోంది, అంటే నాకింగ్ శబ్దం వస్తోంది, తగ్గిస్తే లాగడం లేదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా స్పార్క్ పంచే డబ్బా) బాగుంటే ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక చోట బండి హాయిగా నడవాలి. నీకు ఆ చోటే దొరకడం లేదు. అంటే లోపం ఆ ఇద్దరూ అటూ ఇటూ తిప్పిన బాడీలో కాదు, దాని లోపల ఉంది. ఇంజన్ స్పీడును బట్టి స్పార్క్‌ను ముందుకీ వెనక్కీ జరిపే సరంజామా ఒకటి ఉంటుంది. నా అనుమానమంతా దాని స్ప్రింగుల మీదే. టైమింగ్ మీద చెయ్యి వేసే ముందు దాని సంగతి తేల్చు.

అసలు ఈ ఇంజన్ కొట్టకూడదు. నీ బండిలో ఉన్నది బీఎంసీ బీ-సిరీస్ 1489 సీసీ ఇంజన్. మన అంబాసిడర్‌లో దాని కంప్రెషన్ (సిలిండర్‌లోకి వచ్చినదాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందనే లెక్క) సుమారు 7.2 మాత్రమే. ఇవాళ్టి బండ్లతో పోలిస్తే చాలా తక్కువ. ఆ రోజుల్లో దొరికే తక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి చెప్పే అంకె) పెట్రోలుకు తట్టుకోవాలని అలా పెట్టినది. ఇప్పుడు బంకులో పోసే మామూలు పెట్రోలు ఆక్టేన్ 91కి తగ్గదు, 20 శాతం ఇథనాల్ కలిపినదైతే ఇంకా ఎక్కువ. ఇంత మంచి పెట్రోలు మీద 7.2 కంప్రెషన్ ఇంజన్ నాకింగ్ చేస్తోందంటే స్పార్క్ మరీ ముందే పడుతోంది, లేదా లోపల బొగ్గు పేరుకుంది, లేదా గాలి, పెట్రోలు కలిసిన మిక్చర్‌లో పెట్రోలు తగ్గి పల్చబడింది, లేదా ఇంజన్ అతిగా కాగుతోంది. ప్రీమియం పెట్రోలు పోయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, డబ్బు దండగ.

స్పార్క్ పడగానే మంట అంతా ఒక్కసారి అంటుకోదు. రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ పైకొచ్చి మళ్లీ కిందికి దిగడం మొదలుపెట్టిన కాసేపటికి, అంటే పది పదిహేను డిగ్రీల దగ్గర, ఒత్తిడి గరిష్ఠానికి చేరితే ఆ తోపు మొత్తం క్రాంక్‌కు పనికొస్తుంది. అందుకే పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ వేస్తాం. చిక్కంతా స్పీడుతో. 1000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు. స్పీడు పెరిగేకొద్దీ మంట కూడా కొంచెం త్వరపడుతుంది కానీ క్రాంక్‌తో పోటీ పడలేదు. కాబట్టి స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ఇంకా ముందుకు జరగాలి. ఆ పని చేసేవి డిస్ట్రిబ్యూటర్ బేస్ ప్లేటు కింద దాక్కున్న రెండు చిన్న బరువులు, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులు. షాఫ్టు వేగంగా తిరిగితే బరువులు బయటికి విచ్చుకుని పాయింట్లను తెరిచే క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి, స్ప్రింగులు వాటిని అదుపులో పెడతాయి.

యాభై ఏళ్లలో ఆ స్ప్రింగులు సాగిపోతాయి. అప్పుడు 3000 దాటాక రావాల్సిన అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుకు జరగడం, 1500కే వచ్చేస్తుంది. మొగిలి ఘాట్‌లో నువ్వు పెడల్ నిండా తొక్కి, 1500, 2000 మధ్యలో ఇంజన్‌ను లాగిస్తున్నప్పుడు స్పార్క్ అవసరానికి మించి ముందే పడుతుంది. కొట్టక ఏం చేస్తుంది? ఆ శబ్దం పోవాలని రెండో మెకానిక్ మొత్తం వెనక్కి తిప్పాడు. ఎక్కేటప్పుడు ఆ ఒక్క చోట సరిపోయింది, మిగతా అన్ని స్పీడుల్లోనూ లేటయింది. లేటు స్పార్క్ అంటే పిస్టన్ సగం దిగిపోయాక కూడా మంట ఇంకా మండుతూనే ఉండడం. ఆ వేడి పని చేయకుండా సిలిండర్ గోడలకు, ఎగ్జాస్ట్‌కు పోతుంది. ముల్లు పైకి పోవడం, లాగకపోవడం, పెట్రోలు తాగడం మూడూ అక్కడి నుంచే వస్తున్నాయి. రేడియేటర్ మార్చమని ఎవరైనా అంటే కాస్త ఆగు.

ఇక డిస్ట్రిబ్యూటర్ సంగతి. క్యాప్ తీసి రోటర్‌ను (షాఫ్టు మీద తిరిగే చిన్న ముక్కను) వేళ్లతో పట్టుకో. ఈ ఇంజన్‌లో పైనుంచి చూస్తే రోటర్ అపసవ్యంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అదే దిశలో కొంచెం మెలిపెట్టి వదులు. చటుక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, సగంలో ఆగినా లోపల బరువుల పిన్నులు తుప్పు పట్టాయి, లేదా స్ప్రింగు పోయింది. తర్వాత రోటర్‌ను పక్కలకు ఊపి చూడు. షాఫ్టు ఆడుతున్నట్టు చేతికి తెలిస్తే బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం) అరిగింది. అది ఆడినంత కాలం పాయింట్ గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కో రకంగా ఉంటుంది, ఎవడొచ్చి టైమింగ్ పెట్టినా నిలబడదు. మంచి లేత్ షాపులో గన్‌మెటల్ బుష్ చేసి వేస్తారు. షాఫ్టు కూడా అరిగి ఉంటే దానికి తగ్గ సైజులోనే చేయించు.

బేస్ ప్లేటు విప్పితే స్ప్రింగులు కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది పొరపడతారు. రెండు స్ప్రింగులూ ఒకేలా ఉండవు. ఒకటి సన్నగా, బిగుతుగా ఉంటుంది. రెండోది లావుగా ఉండి, దాని కొక్కెం పిన్ను మీద కాస్త వదులుగా కదులుతుంటుంది. ఆ వదులు లోపం కాదు, అది డిజైన్. మొదట్లో సన్న స్ప్రింగు ఒక్కటే పనిచేస్తుంది, కాసేపటికి లావుది కూడా అందుకుంటుంది. అందుకే అడ్వాన్స్ మొదట చకచకా, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. ఆ వదులు చూసి కొక్కేన్ని వంచి బిగించేవాళ్లను చూశాను, బాల్‌పెన్ స్ప్రింగు కోసి తగిలించేవాళ్లనూ చూశాను. నీ బండి డిస్ట్రిబ్యూటర్ విప్పగానే అలాంటి అతుకు పని ఏదైనా కనిపిస్తే రోగం దొరికినట్టే. బాడీ మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది. అదే నంబరున్న పాత డిస్ట్రిబ్యూటర్ స్క్రాప్‌లో దొరికితే దాని స్ప్రింగులు తీసుకో. వేరే నంబరుదైతే చూడటానికి అచ్చం అలాగే ఉన్నా అడ్వాన్స్ నడక వేరుగా ఉంటుంది.

బరువులు, పిన్నులు కిరసనాయిల్‌తో కడిగి తుడిచి, ఒక్కో చుక్క ఇంజన్ ఆయిల్ వెయ్యి. రోటర్ కింద క్యామ్ మధ్యలో స్క్రూ ఉంటుంది, దాని తల మీద కూడా రెండు చుక్కలు. స్క్రూ విప్పక్కర్లేదు, పక్కన సందులోంచి నూనె తనంతట తానే దిగుతుంది. పాయింట్ల మొహాల మీద మాత్రం నూనె తగలకూడదు.

డిస్ట్రిబ్యూటర్ పక్కన సన్న పైపుతో ఉన్న డబ్బా వాక్యూమ్ అడ్వాన్స్. కార్బ్యురేటర్ వైపు పైపు ఊడదీసి నోటితో పీల్చు. లోపల ప్లేటు కదలాలి, నాలుక అడ్డం పెడితే అక్కడే నిలబడాలి. గాలి ఊరికే వచ్చేస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది. పాత బండ్లలో ఇది మామూలు, పట్టించుకునేవాళ్లే తక్కువ. ఘాట్‌లో నాకింగ్‌కు దీనికీ సంబంధం లేదు. పెడల్ నిండా తొక్కినప్పుడు ఆ పైపులో వాక్యూమే ఉండదు. ఇది పనిచేసేది చదును రోడ్డు మీద సగం పెడల్‌తో పోయేటప్పుడు, కాబట్టి చిరిగితే దెబ్బ మైలేజీకి. నీ పెట్రోలు ఖర్చులో దీని వాటా కూడా ఉండొచ్చు.

ఇప్పుడు పాయింట్లు, అంటే తెరుచుకోగానే స్పార్క్ పడేలా చేసే చిన్న స్విచ్చు. టైమింగ్ కంటే ముందు గ్యాప్ పెట్టాలి, ఈ వరస తప్పకూడదు. గ్యాప్ పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగ్ దానంతటదే అడ్వాన్స్ అవుతుంది. తగ్గిస్తే రిటార్డ్, అంటే లేటు, అవుతుంది. ముందు టైమింగ్ పెట్టి తర్వాత గ్యాప్ సరిచేస్తే మొదటి పని వృథా. క్యామ్ మూల మీద హీల్ (క్యామ్‌ను రాసుకునే పాయింట్ల మడమ) పూర్తిగా ఎక్కి, పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజ్ పెట్టు. 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. నేను 15 పెడతాను. బ్లేడు దూర్చినప్పుడు పాయింట్లు జరగకుండా సన్నగా పట్టినట్టుండాలి. నాలుగు మూలల మీదా కొలిచి చూడు. తేడా కొట్టొచ్చినట్టుంటే మళ్లీ బుష్ దగ్గరికే వస్తాం. ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. కొత్త కండెన్సర్ వేశావు సరే, పాతది పారేయకు. ఈమధ్య కొత్తగా వస్తున్న కండెన్సర్లు పెట్టెలోంచి తీసినప్పుడే పోయి ఉండడం నేను చాలాసార్లు చూశాను. పాయింట్ల మధ్య నీలం నిప్పు ఎక్కువగా కొడుతూ, ఇంజన్ వేడెక్కాక మిస్ అవుతుంటే పాతది వేసి చూడు.

ఇక అసలు పని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగు ప్లగ్గులూ విప్పెయ్యి. బండి ముందు వైపు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టుకోకు. ప్లగ్గులు లేనప్పుడు భయం లేదు. కానీ అడ్వాన్స్ ఎక్కువైన ఇంజన్‌ను హ్యాండిల్‌తో స్టార్ట్ చేస్తే వెనక్కి తంతుంది, వేలు విరుగుతుంది. మొదటి మెకానిక్ పెట్టిన టైమింగ్‌తో, వేడి ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు స్టార్టర్ ఒక్క క్షణం అడ్డం తగిలినట్టు ఆగి తిరిగేదా? అలా ఉండి ఉంటే అదీ ఇదే లక్షణం.

ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరస, 1-3-4-2. ఒకటో ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి హ్యాండిల్ తిప్పుతుంటే గాలి వేలిని తోసే చోటు కంప్రెషన్. ఇంకా ఖాయం చేసుకోవాలంటే రాకర్ కవర్ తీసి నాలుగో సిలిండర్ వాల్వులు చూడు. ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకోవడం మొదలైతే ఒకటో సిలిండర్ ఫైరింగ్‌కు వచ్చినట్టు. ఈ ఒక్క తనిఖీ మానేసి, ఎగ్జాస్ట్ స్ట్రోక్ మీద టైమింగ్ పెట్టేసి, బండి స్టార్ట్ కావడం లేదని కాయిల్ మార్చినవాళ్లున్నారు.

గుర్తులు చూడాలంటే కిందికి వంగాల్సిందే. క్రాంక్ పుల్లీ అంచున ఒక గాడి ఉంటుంది. టైమింగ్ కవర్ మీద మూడు పళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. అన్నిటికంటే పొడవైనది పిస్టన్ పైకొచ్చిన చోటు, అంటే టీడీసీ. మిగతావి దానికి 5 డిగ్రీల ముందు, 10 డిగ్రీల ముందు. యాభై ఏళ్ల జిడ్డు గీకితే గాని కనిపించవు. గాడిలో తెల్ల పెయింటు ఒక చుక్క, పళ్ల కొసల మీద ఇంకో రంగు పెట్టుకో.

ఆ గాడిని నమ్మొచ్చా? పుల్లీ ఎప్పుడో మార్చి ఉంటే నమ్మకూడదు. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ బాడీలో మొద్దు మొనతో ఒక ఇత్తడి కడ్డీ బిగిస్తే పిస్టన్ స్టాప్ తయారవుతుంది. దాన్ని ఒకటో రంధ్రంలో బిగించి, చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పితే పిస్టన్ దానికి తగిలి ఆగుతుంది. పుల్లీ మీద గీత గియ్యి. ఎదురు వైపు తిప్పి, తగిలిన చోట ఇంకో గీత. రెండు గీతల సరిగ్గా మధ్యన అసలు టీడీసీ. బలం ఉపయోగించకు, తగిలిందని చేతికి తెలిస్తే చాలు. స్టార్టర్ జోలికి అసలు పోకు, పిస్టన్‌కు చిల్లు పడుతుంది. డిగ్రీలను మిల్లీమీటర్లలోకి మార్చడం సులువు: పుల్లీ చుట్టుకొలతను 360తో భాగించు. పుల్లీ అడ్డంగా 140 మిల్లీమీటర్లు ఉంటే ఒక డిగ్రీకి సుమారు 1.2 మిల్లీమీటర్లు. టేపుతో కొలిచి గుర్తు పెట్టుకోవచ్చు.

ఇక నువ్వు అడిగిన అంకె. నీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో ఉన్నదే పెట్టు. దొరక్కపోతే టీడీసీకి 5 డిగ్రీల ముందు, అంటే మధ్య పన్ను దగ్గర మొదలుపెట్టు. ఇంటర్నెట్‌లో వెతికితే ఇదే 1489 సీసీ ఇంజన్‌కు 7 డిగ్రీలని కనిపిస్తుంది. అది ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు. దాని కంప్రెషన్ 8.3, డిస్ట్రిబ్యూటర్ వేరు, కార్బ్యురేటర్లు రెండు. ఇంజన్ ఒకటే వంశమని ఆ అంకె తెచ్చి మన బండికి పెట్టకు.

పుల్లీని ఇంజన్ తిరిగే దిశలోనే, అంటే ముందు నిలబడి చూస్తే సవ్యంగా, తిప్పుతూ గాడిని ఆ పన్ను దగ్గరికి తీసుకురా. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి లాగకు. బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు రా. టైమింగ్ చైన్‌లో, డిస్ట్రిబ్యూటర్ గేర్‌లో ఉన్న వదులంతా ఒకే వైపు లాగి ఉండాలి. ఇప్పుడు రోటర్ ఒకటో నంబర్ వైరు వైపు చూస్తుండాలి.

12 వోల్టుల చిన్న బల్బు ఒకటి తీసుకో, డ్యాష్‌బోర్డు బల్బు చాలు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, రెండోది ఇంజన్ బాడీకి. ఇగ్నిషన్ ఆన్ చెయ్యి. పాయింట్లు మూసుకుని ఉంటే బల్బు వెలగదు, తెరుచుకోగానే వెలుగుతుంది. స్పార్క్ పడేదీ సరిగ్గా ఆ క్షణంలోనే. క్లాంప్ బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ బాడీని మొదట రోటర్ తిరిగే దిశలో, అంటే అపసవ్యంగా, బల్బు ఆరేదాకా తిప్పు. తర్వాత సవ్యంగా వెంట్రుక వాసి చొప్పున తిప్పుతూ రా. బల్బు వెలిగిన క్షణం ఆపి బోల్టు బిగించు. బిగించేటప్పుడు బాడీ జరుగుతుంది, అందుకే హ్యాండిల్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ అదే పన్ను దగ్గర బల్బు వెలుగుతోందో లేదో చూడు. ఈ పని చేస్తున్నంతసేపూ ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి టీ తాగడానికి పోకు, కాయిల్ మాడిపోతుంది.

లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి పక్కన చేత్తో తిప్పే చిన్న గరుకు నట్టు ఉంటుంది. పక్కనే గీతలు, ఏ, ఆర్ అనే అక్షరాలు. ఏ వైపు అడ్వాన్స్, ఆర్ వైపు రిటార్డ్. తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటుంది, 11 టిక్కులు ఒక డిగ్రీ. బల్బు పని మొదలుపెట్టే ముందే ఈ నట్టును మధ్యకు తెచ్చుకో. తర్వాత రోడ్డు మీద సర్దడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. నీ బండికి ఇది ఉండి, తుప్పు పట్టి తిరగకపోతే నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్యి. పట్టకారుతో నలపకు.

టైమింగ్ లైట్ ఎవరి దగ్గరైనా దొరికితే దాని అసలు ఉపయోగం ఇప్పుడు, అది కూడా 5 డిగ్రీలు చూడటానికి కాదు, అడ్వాన్స్ ఎలా పెరుగుతోందో చూడటానికి. వాక్యూమ్ పైపు ఊడదీసి కార్బ్యురేటర్ వైపు మూసెయ్యి. ఐడిలింగ్ తగ్గించి చూస్తే గాడి ఇంచుమించు అదే పన్ను దగ్గర నిలబడి కనిపించాలి. ఇంకొకరిని మెల్లగా రేస్ చెయ్యమను. గాడి నిదానంగా, ఆగకుండా ముందుకు జరుగుతూ పోవాలి. కొంచెం రేస్ చేయగానే ఒక్క గంతులో చివరిదాకా దూకేస్తే స్ప్రింగులు పోయినట్టే, అసలు కదలకపోతే బరువులు పట్టేశాయి. ఐడిలింగ్‌లోనే వణుకుతూ రెండుగా కనిపిస్తే షాఫ్టు ఆడుతోంది. ఒకటి చూసుకో, ఈ వయసు బండ్లలో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలపడం) ఉన్నవీ ఉంటాయి. బాడీకి ఏది కలిపి ఉన్నా సరే, లైటు ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కే పెట్టాలి.

చెవితో పెట్టే పద్ధతిని నేను తీసిపారేయను. మంచి చెవి ఉన్న మేస్త్రీలు నాకు తెలుసు. కానీ షెడ్డులో లోడు లేకుండా రేస్ చేస్తూ వింటే ఏ ఇంజనైనా అడ్వాన్స్ ఎక్కువైన చోటే హుషారుగా పలుకుతుంది. ఐడిలింగ్ పెరుగుతుంది, పికప్ బ్రహ్మాండంగా ఉన్నట్టుంటుంది. నీ మొదటి మెకానిక్ అక్కడే ఆగాడు. చెవికి పని చెప్పాల్సింది లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు.

దానికి మొగిలి ఘాట్ మొత్తం అక్కర్లేదు. చిత్తూరు నుంచి పోతే బంగారుపాళెం దాటాక ఘాట్‌కు ముందే ఒక మోస్తరు ఎత్తు చూసుకో. తెల్లారుజామున లారీలు పల్చగా ఉన్నప్పుడు, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, నీ మామూలు లోడుతో పో. టాప్ గేరులో నలభైకి తగ్గించి పెడల్ నిండా తొక్కు, అద్దాలు దించి విను. డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు ఒక్క క్షణం సన్నగా వినిపించి, స్పీడు అందుకోగానే పోతే టైమింగ్ బాగుంది, కదిలించకు. శబ్దం సాగుతుంటే పక్కకు ఆపి, ఆర్ వైపు పది పన్నెండు టిక్కులు తిప్పి, అదే ఎత్తు మీద మళ్లీ పోయి చూడు. అసలు ఏ శబ్దమూ లేకుండా మొద్దుగా ఎక్కుతుంటే ఏ వైపు తిప్పు. శబ్దం మొదలయ్యే చోటు తెలిశాక దానికి ఒక డిగ్రీ వెనక్కి వచ్చి ఆగు. మన ఎండలకు ఆ ఒక్క డిగ్రీ జాగా అవసరం. ఫిబ్రవరిలో బాగున్న టైమింగ్ మే నెలలో కొట్టడం చిత్తూరు జిల్లాలో మామూలే.

మాది తిరుపతి కాబట్టి తిరుమల ఘాట్‌లో ట్యూన్ చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అది పరీక్ష రాసే చోటే గాని చదువుకునే చోటు కాదు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కుతూ, వెనక బస్సు హారన్ కొడుతుంటే బానెట్ ఎత్తి టిక్కులు లెక్కపెట్టలేవు. పైగా తిరుమల 850 మీటర్లకు పైనే ఉంది. ఎక్కేకొద్దీ గాలి పల్చబడి సిలిండర్ నిండడం తగ్గుతుంది, నాకింగూ తగ్గుతుంది. పైన బాగుందని పెట్టుకున్న టైమింగ్ కింద కొడుతుంది. దిగేటప్పుడు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద, పెట్రోలు మిగులుతుందని ఇగ్నిషన్ ఆపకు. మండని పెట్రోలు సైలెన్సర్‌లో చేరి, తాళం తిప్పగానే ఢామ్మంటుంది. బ్రేకులకు ఇంజన్ సాయమూ తగ్గుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కొడుతుంటే అప్పుడు హెడ్ లోపలి బొగ్గు సంగతి ఆలోచించు. ఊళ్లోనే మెల్లగా తిరిగే బండికి అది బాగా పేరుకుంటుంది. తాళం తీసేశాక కూడా ఇంజన్ కాసేపు గుడగుడమంటూ తిరుగుతుంటే దాదాపు ఖాయం. ఇథనాల్ పెట్రోలు ఆక్టేన్ పెంచినా మిక్చర్‌ను పల్చన చేస్తుంది, పల్చని మిక్చర్ వేడి పెంచుతుంది. ప్లగ్గులు తెల్లగా కాలి కనిపిస్తే కార్బ్యురేటర్ కొద్దిగా రిచ్ (పెట్రోలు పాలు ఎక్కువయ్యేలా) చేయించు. ఇంకొకటి: అలిపిరి తనిఖీ దగ్గర క్యూలో నిలబడి కదలగానే బండి ముక్కి ఆగిపోతే అది టైమింగ్ కాదు. ఇంజన్ వేడికి పెట్రోలు పంపులో ఆవిరవుతోంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. దానికి డిస్ట్రిబ్యూటర్ తిప్పినవాళ్లు ఎక్కినంత దూరం మళ్లీ ట్యూనింగ్ వెతుక్కుంటారు.

నీ పాయింట్లు కొత్తవి కదా, వాటి హీల్ మొదట్లో త్వరగా అరుగుతుంది. హీల్ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ దానంతటదే రిటార్డ్ అవుతుంది. క్యామ్ మీద చిటికెన వేలి కొసంత గ్రీజు రాయి, అంతకంటే ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. ఒక 500 కిలోమీటర్లు తిరిగాక గ్యాప్ మళ్లీ 15 థౌ చేసి, బల్బు పెట్టి 5 డిగ్రీల దగ్గర ఒకసారి చూసుకో. స్ప్రింగులు విప్పినప్పుడు రెండూ కనిపించేలా ఫొటో తీసి, బాడీ మీద నంబరుతో సహా ఇక్కడ పెట్టు. ఏది పోయిందో చూసి చెప్తాను.